గేజ్ 90 దగ్గర ఆగాలి: గాలి పనిముట్ల వెనక ఉన్న లెక్కలు

టైరు షాపులో నట్లు విప్పే గన్, డెంటింగ్ షెడ్డులో సాండర్, ఫ్యాబ్రికేషన్ యూనిట్‌లో డై గ్రైండర్, ఫర్నిచర్ పనిలో మేకులు దించే నెయిలర్. చేసే పనులు వేరైనా వీటి ఒంటి మీద చిన్న అక్షరాల్లో దాదాపు ఒకే అంకె కనిపిస్తుంది: 90 పీఎస్ఐ, లేదా 6.3 బార్. షెడ్డు భాషలో చెప్పాలంటే ఆరు కేజీల పైచిలుకు ప్రెషర్. కంప్రెషర్ మీది గేజ్ మాత్రం 8 కేజీలు చూపిస్తుంది, కొన్నిచోట్ల 10 కూడా. అంటే 114 నుంచి 142 పీఎస్ఐ దాకా.

గాలి పనిముట్టు అంటే మనకు ఒక ధీమా. తడి చేత్తో పట్టుకున్నా షాక్ కొట్టదు, ఎంతసేపు వాడినా మోటారు కాలదు. ఇందులో అబద్ధం లేదు. అందుకే కరెంటు గ్రైండర్‌ను జాగ్రత్తగా పట్టుకునే మనిషే ఎయిర్ గన్‌ను నిర్లక్ష్యంగా పట్టుకుంటాడు. పని సాగకపోతే రెగ్యులేటర్ నాబ్‌ను ఇంకో చుట్టు తిప్పుతాడు. ప్రమాదాలకు దారి తీసేది ఎక్కువగా ఈ అలవాటే. పవర్ తగ్గిందంటే లోపం చాలాసార్లు పైపులోనో కప్లర్‌లోనో ట్యాంకులోనో ఉంటుంది. మందు అక్కడ వేయకుండా ప్రెషర్ పెంచితే రోగం అలాగే ఉండిపోయి, దాని మీద ప్రమాదం వచ్చి చేరుతుంది. లెక్కలు చూస్తే ఈ సంగతి తేటతెల్లమవుతుంది.

90: ఎక్కడ కొలవాలి, ఎప్పుడు కొలవాలి

ప్లేటు మీది 90 కంప్రెషర్ దగ్గర ఉండాల్సిన ప్రెషర్ కాదు. పనిముట్టు లోపలికి గాలి వెళ్లే చోట, అదీ ట్రిగర్ నొక్కి ఉన్నప్పుడు ఉండాల్సిన ప్రెషర్. గాలి కదలనప్పుడు పైపు ఈ చివర నుంచి ఆ చివర దాకా ప్రెషర్ ఒక్కటే. కదలడం మొదలయ్యాక ప్రతి మీటరు పైపు, ప్రతి కప్లర్, ప్రతి వంపు తన వాటా తను తినేస్తాయి.

గన్ పిడికి, పైపుకు మధ్య ఒక చిన్న గేజ్ బిగించి చూడండి. ట్రిగర్ ముట్టుకోక ముందు ముల్లు 90 మీద నిలకడగా ఉంటుంది. నొక్కి పట్టుకోగానే 65కు జారిందనుకుందాం. 25 పీఎస్ఐ దారిలోనే ఖర్చయిపోయిందన్నమాట. గన్ గుర్రుమంటుంది గానీ నట్టు కదలదు. ఇప్పుడు రెగ్యులేటర్‌ను 120కి తిప్పితే నట్టు ఊడుతుంది, నిజమే. కానీ ట్రిగర్ నొక్కిన ప్రతిసారీ తొలి క్షణంలో ఆ గన్ మీద పడేది 120. రేపు అదే లైన్‌కు ఇంకొకరు పొట్టిగా, లావుగా ఉన్న పైపు తగిలిస్తే ఆ 120 దాదాపు పూర్తిగా పనిముట్టులోకే వెళ్తుంది. 90కి తయారైన గ్రైండర్ అయితే తన హద్దు దాటి తిరుగుతుంది.

కాబట్టి ముందు ట్రిగర్ వదిలి ఒక రీడింగ్, తర్వాత నొక్కి పట్టి ఇంకో రీడింగ్ తీసుకోవాలి. రెంటి మధ్య తేడా 10 దాటితే చెయ్యి రెగ్యులేటర్ మీదికి వెళ్లకూడదు. కళ్లు పైపు మీదికి వెళ్లాలి.

13 రెట్లు: సన్న పైపు వసూలు చేసే పన్ను

పైపులో గాలి కోల్పోయే ప్రెషర్ దాని లోపలి వ్యాసాన్ని బట్టి చాలా వేగంగా మారిపోతుంది. సుమారుగా అయిదో ఘాతానికి విలోమంగా ఉంటుంది. 10 ఎంఎం పైపు బదులు 8 ఎంఎం వాడితే అంతే గాలికి నష్టం 3 రెట్లు. 6 ఎంఎం వాడితే దాదాపు 13 రెట్లు. పొడవు లెక్క మాత్రం సూటిగా ఉంటుంది. 10 మీటర్ల పైపును 20 మీటర్లు చేస్తే నష్టం రెట్టింపు. రంగురంగుల స్ప్రింగు పైపులు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గానీ సాగదీయని స్థితిలో ఆ చుట్టల్లో ఎన్ని మీటర్లు దాగి ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టండి. అర అంగుళం గన్‌కు 10 ఎంఎం పైపు కనీసం. లారీ చక్రాలకు వాడే ఒక అంగుళం గన్‌కు 13 ఎంఎం, వీలైతే ఇంకా లావుది కావాలి.

లావు పైపుకు దాని భయం దానికుంది. ఊడినప్పుడు కొరడాలా కొడుతుంది. అందుకే లోపలి వ్యాసం అర అంగుళం మించిన పైపు వాడితే, అది తెగినప్పుడు ప్రెషర్‌ను తగ్గించే పరికరం గాలి బయల్దేరే చోటే ఉండాలని అమెరికా నిర్మాణ రంగ భద్రతా నిబంధనలు చెబుతాయి. జాయింటు ఊడినా పైపు ఎగరకుండా పట్టుకునే స్టీలు తాడు కూడా బజారులో దొరుకుతుంది. పైపు మీద ముద్రించిన వర్కింగ్ ప్రెషర్ చదవాలి. జాయింట్లకు కట్టుతీగ చుట్టడం కాదు, సరైన క్లాంపు బిగించాలి.

గోడ వెంట వేసే లైన్ సంగతి మరీ ముఖ్యం. నీళ్ల పైపుగా వాడే పీవీసీని గాలికి వాడకూడదు. నీళ్ల పైపు పగిలితే నీళ్లు కారతాయి. అదే పైపు గాలితో పగిలితే పదునైన ముక్కలు చుట్టూ ఎగురుతాయి. నేల మీద పైకి కనిపించేలా వేసే గాలి లైన్లకు పీవీసీ వద్దని అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా 1988లోనే హెచ్చరిక జారీ చేసింది. జీఐ, రాగి, అల్యూమినియం పైపులు వేసుకోవచ్చు. ప్లాస్టిక్కే కావాలంటే గాలి కోసమని తయారీదారు రాసి ఇచ్చినదే తీసుకోవాలి.

44 సెకన్లు: చిన్న ట్యాంకు ఓపిక

సీఎఫ్‌ఎం అంటే నిమిషానికి ఎన్ని ఘనపు అడుగుల గాలి అని. ఒక ఘనపు అడుగు 28.3 లీటర్లు. ఒక హార్స్‌పవర్ మోటారు 90 పీఎస్ఐ దగ్గర ఇచ్చేది సుమారు మూడున్నర, నాలుగు సీఎఫ్‌ఎం. కంప్రెషర్ కొనేటప్పుడు పిస్టన్ డిస్‌ప్లేస్‌మెంట్ అని పెద్ద అంకె ఒకటి చూపిస్తారు. మనకు చేతికందేది ఫ్రీ ఎయిర్ డెలివరీ. అది పెద్ద అంకెలో మూడింట రెండొంతుల చుట్టుపక్కల ఉంటుంది. అడిగి తెలుసుకోవాల్సింది ఆ రెండో అంకె.

2 హార్స్‌పవర్ కంప్రెషర్, 50 లీటర్ల ట్యాంకు ఉన్నాయనుకోండి. వచ్చేది 7 సీఎఫ్‌ఎం, ఆగకుండా తిరిగే సాండర్ తాగేది 12. లోటు 5. ట్యాంకు 120 నుంచి 90కి దిగేలోపు అదనంగా ఇవ్వగలిగిన గాలి 103 లీటర్లు, అంటే 3.65 ఘనపు అడుగులు. 5తో భాగిస్తే 44 సెకన్లు. ఆ తర్వాత సాండర్ నీరసిస్తుంది, పనివాడు ఒళ్లు బరువు దాని మీద వేసి నొక్కుతాడు, కంప్రెషర్ ఊపిరి తీసుకోకుండా తిరిగి వేడెక్కుతుంది.

గన్‌ల లెక్క ఇంకో రకం. కేటలాగులో 5 సీఎఫ్‌ఎం అని ఉంటే అది సగటు. చాలా కంపెనీలు నిమిషంలో 15 సెకన్లే ట్రిగర్ నొక్కుతారన్న లెక్కతో ఆ అంకె వేస్తాయి. నొక్కి పట్టుకుంటే ఆ గన్‌కు 20 దాకా కావాలి. లీకులు కూడా ఈ పద్దులోకే వస్తాయి. ఒకటిన్నర ఎంఎం రంధ్రం 100 పీఎస్ఐ దగ్గర సుమారు 6 సీఎఫ్‌ఎం బయటికి వదిలేస్తుంది. మనం చెప్పుకున్న కంప్రెషర్ పడే కష్టమంతా దాదాపు ఆ ఒక్క కన్నానికే సరి.

20 గ్రాములు: ట్యాంకు అడుగున చేరే నీళ్లు

కాకినాడలోనో మచిలీపట్నంలోనో 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 24 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. దాన్ని 7 బార్ల గేజ్ ప్రెషర్‌కు నొక్కితే పరిమాణం ఎనిమిదో వంతవుతుంది. మళ్లీ 30 డిగ్రీలకు చల్లారాక అంత చోటులో ఇమడగలిగే ఆవిరి 4 గ్రాములే. మిగతా 20 గ్రాములు నీళ్లుగా దిగుతాయి. గంటకు 17 ఘనపు మీటర్లు, అంటే 10 సీఎఫ్‌ఎం ఇచ్చే కంప్రెషర్ ఆరు గంటలు తిరిగితే రెండు లీటర్లు.

ఇందులో కొంత పైపు దారిన పనిముట్టులోకి వెళ్లి నూనెను కడిగేస్తుంది, బ్లేడ్లను తుప్పు పట్టిస్తుంది. మిగతాది ట్యాంకు అడుగున నిలిచి రేకును లోపల నుంచి తినేస్తుంది. 4 ఎంఎం రేకు అరిగి 2 ఎంఎం అయిందంటే అదే ప్రెషర్‌కు దాని మీద పడే ఒత్తిడి రెట్టింపు. బయట పెయింటు నిగనిగలాడుతూనే ఉంటుంది. అందుకే రోజు పని ముగియగానే అడుగున ఉన్న డ్రెయిన్ కాక్ తెరిచి, నీళ్లు పోయి ఒట్టి గాలి వచ్చేదాకా వదలాలి. ట్యాంకుకు సూది బెజ్జమంత కన్నం పడితే వెల్డింగ్ చేయించి వాడుకోవడం మనకు అలవాటు. కన్నం పడిందంటే దాని చుట్టూ ఉన్న రేకు కూడా పలచబడిపోయిందని అర్థం. ఆ ట్యాంకును పక్కన పెట్టేయాలి.

210 కిలోజౌళ్లు: 200 లీటర్ల ట్యాంకులో బంధించినది

8 బార్ల దగ్గర 200 లీటర్ల ట్యాంకు హఠాత్తుగా చీలిపోతే విడుదలయ్యే శక్తి సుమారు 210 కిలోజౌళ్లు. టన్ను బరువున్న కారు గంటకు 70 కిలోమీటర్ల పైన వచ్చి గోడను గుద్దినంత. చాలా షెడ్లలో ఈ ట్యాంకు ఉండేది కౌంటరు వెనకో, టీ తాగే బల్ల పక్కనో.

ఆ శక్తిని అదుపులో ఉంచేవి రెండు. ఒకటి, నిర్ణీత ప్రెషర్ రాగానే మోటారును ఆపే ప్రెషర్ స్విచ్. రెండోది, స్విచ్ పనిచేయకపోతే గాలిని బయటికి వదిలే సేఫ్టీ వాల్వ్. అది మాటిమాటికీ సర్రుమంటోందని బోల్టు పెట్టి మూసేస్తే ఇక ట్యాంకుకు దిక్కు లేదు. సర్రుమంటోందంటే స్విచ్ చెడిందో, వాల్వే చెడిందో చూసి బాగు చేయించాలి. ప్రెషర్‌తో నడిచే ఏ యంత్రంలోనైనా సురక్షిత ప్రెషర్ మించకుండా గట్టి చర్యలు తీసుకోవాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 31వ సెక్షన్ చెప్పింది. ఫ్యాక్టరీ లెక్కలోకి రాని ఇద్దరు మనుషుల పంచర్ షాపులోని ట్యాంకుకు కూడా భౌతికశాస్త్రం అదే.

25,000: గ్రైండర్ చుట్లు

చిన్న డై గ్రైండర్లు నిమిషానికి 20,000 నుంచి 25,000 చుట్లు తిరుగుతాయి. మామూలు 100 ఎంఎం కటింగ్ వీల్ మీద 15,300 ఆర్‌పీఎం, సెకనుకు 80 మీటర్లు అని ముద్రించి ఉంటుంది. చేతికి దొరికింది కదా అని ఆ వీల్‌ను గార్డు తీసేసి 25,000 గ్రైండర్‌కు తగిలిస్తే అంచు వేగం సెకనుకు 131 మీటర్లకు చేరుతుంది. గంటకు 470 కిలోమీటర్లు. వీల్‌ను చీల్చే బలం వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి, తట్టుకోమని తయారు చేసిన దానికి 2.7 రెట్ల బలం దాని మీద పడుతుంది. పగిలిన ముక్క ఎవరి వైపు పోతుందన్నది అదృష్టానికి వదిలేసినట్టే.

వీల్ మీది ఆర్‌పీఎం ఎప్పుడూ గ్రైండర్ మీది ఆర్‌పీఎం కంటే ఎక్కువగానో, కనీసం సమానంగానో ఉండాలి. గ్రైండర్ మీది అంకె 90 పీఎస్ఐకి వేసిందని మరిచిపోవద్దు. గవర్నర్ లేని గ్రైండర్‌కు ప్రెషర్ పెంచితే చుట్లు కూడా పెరుగుతాయి. కొత్త వీల్ తొడిగాక ఎవరూ ఎదురుగా లేకుండా చూసి, ఒక నిమిషం ఖాళీగా తిప్పాకే పనికి ఆనించాలి.

గన్ విషయంలో ఇదే జాగ్రత్త బిగింపుకు వర్తిస్తుంది. చిన్న కార్ల వీల్ నట్లకు కావాల్సిన బిగింపు సుమారు 100 న్యూటన్ మీటర్లు. అర అంగుళం గన్ ఇచ్చేది 500, కొన్ని ఇంకా ఎక్కువ. గన్‌తో విప్పడం వరకు మంచిదే. బిగించేటప్పుడు చేత్తో నాలుగు చుట్లు ఎక్కించి, గన్‌ను తక్కువ సెట్టింగ్‌లో ఆనించి, చివరి బిగింపు టార్క్ రెంచ్‌తో వేయాలి. లేకపోతే స్టడ్ సాగుతుంది. అది అప్పటికప్పుడు తెగకపోవచ్చు, ఎప్పుడో హైవే మీద తెగుతుంది. చేతి పానాకు వాడే తళతళలాడే క్రోమ్ సాకెట్‌ను గన్‌కు తొడగకూడదు, ఆ దెబ్బలకు పగులుతుంది. గన్‌కు నల్లటి ఇంపాక్ట్ సాకెట్లు వేరే ఉంటాయి.

30, 4: ఊదే గాలి, ఒంటి మీద గాలి

బ్లో గన్‌తో శుభ్రం చేసేటప్పుడు ప్రెషర్ 30 పీఎస్ఐ లోపే ఉండాలని, అది కూడా రజను ఎగరకుండా అడ్డు, కళ్లకు రక్షణ ఉంటేనే చేయాలని ఓషా నిబంధన. ఈ 30 యంత్రాల మీద దుమ్ము ఊదడానికి పెట్టిన హద్దు. ఒంటికి ఫర్వాలేదని ఇచ్చిన హామీ కాదు.

ఎందుకంటే ఇంకో అంకె ఉంది: 4. మనిషి పెద్దపేగు గోడ చీలిపోవడానికి సుమారు 4 పీఎస్ఐ చాలని వైద్యులు 1930ల్లోనే లెక్కగట్టారు. లైన్‌లో ఉండే 90 దానికి ఇరవై రెండు రెట్లు. సరదా పేరుతో తోటి పనివాడి వెనక గాలి పైపు పెట్టడం, క్షణాల్లో పొట్ట ఉబ్బి పేగులు చీలడం, ప్రాణాలు పోవడం మన దేశంలో పదే పదే వార్తల్లో వస్తున్న విషాదం. 2024 మార్చిలో బెంగళూరులో ఒక బైక్ సర్వీస్ సెంటర్‌లో ఇలాగే ఓ యువకుడు చనిపోయాడు. బట్టలు అడ్డున్నా ఈ ప్రమాదం తప్పదు. కొత్తగా చేరిన కుర్రాడికి మొదటి రోజే, ఏ మొహమాటమూ లేకుండా చెప్పాల్సిన మాట ఇది. సాయంత్రం ఇంటికెళ్లే ముందు చొక్కా, జుట్టు గాలితో దులుపుకోవడం కూడా మానాలి. చర్మం మీది గాయంలోంచి గాలి లోపలికి చొరబడగలదు, కంట్లోకి ఇనుప రజను దూసుకుపోగలదు.

నెయిలర్‌ను కూడా తుపాకీలాగే చూడాలి. అమెరికాలో 2001-2005 మధ్య వీటి గాయాలతో ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు వెళ్లినవారు ఏటా సగటున 37,000 మంది. ట్రిగర్ నొక్కి ఉంచి మూతి తగిలిన ప్రతిసారీ మేకు దిగే రకంలో, ఒక్కో మేకుకు ఒక్కోసారి నొక్కే రకంతో పోలిస్తే ప్రమాదం రెండింతలని అక్కడి అధ్యయనాలు తేల్చాయి. అక్కడ ఇళ్ల పనుల్లో చెయ్యి పెట్టే మనవాళ్లు కొనేటప్పుడు రెండో రకమే అడగాలి.

15 నిమిషాలు, 2 గంటలు: చెవులకు, చేతులకు గడువు

85 డెసిబెల్స్ శబ్దంలో 8 గంటలు పనిచేయవచ్చని, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు సమయం సగమవుతుందని అమెరికా పరిశోధన సంస్థ నియోష్ సిఫారసు. ఆ లెక్కన 94కు గంట, 100కు 15 నిమిషాలు. చాలా ఎయిర్ గన్‌ల మోత 95 నుంచి 105 మధ్య ఉంటుంది. చెవి మఫ్‌లు లేకుండా వాడితే ఆ రోజు వాటా టీ టైముకు ముందే అయిపోతుంది.

చేతికి వచ్చే అదురు లెక్క యూరప్ 2002లో తెచ్చిన ఆదేశంలో ఉంది. 8 గంటల సగటున 2.5 మీటర్లు పర్ సెకండ్ స్క్వేర్ దాటితే యజమాని చర్య తీసుకోవాలి, 5 ఎట్టిపరిస్థితిలోనూ దాటకూడదు. పనిముట్టు అదురు 10 అయితే మొదటి గీతకు అరగంటలో, రెండో గీతకు 2 గంటల్లో చేరతాం. ఇది గడియారం చూసుకునే సమయం కాదు, ట్రిగర్ నొక్కి ఉన్న సమయం. అమెరికాలోని ఇండియానాలో గాలి సుత్తులతో సున్నపురాయి చెక్కేవారి వేళ్లు చలికి తెల్లబడి మొద్దుబారడాన్ని డాక్టర్ ఆలిస్ హామిల్టన్ 1918లోనే నమోదు చేశారు. మన ఎండల్లో వేళ్లు తెల్లబడటం అంతగా కనిపించకపోవచ్చు. రాత్రిళ్లు తిమ్మిర్లు, చొక్కా గుండీ పెట్టుకోలేకపోవడం, పట్టు తగ్గడం మాత్రం వస్తాయి. అవి మొదలైతే పని మార్చాలి, డాక్టరుకు చూపించాలి.

బిగించే వరుస, విప్పే వరుస

1. ట్యాంకులో నీళ్లు వదిలి, బెల్టు గార్డు ఉందో లేదో చూడాలి.
2. పైపును చెయ్యి పెట్టి కాదు, కంటితో తనిఖీ చేయాలి. ఉబ్బు, పగులు ఉంటే మార్చాలి.
3. గాలి మూసి ఉండగానే పనిముట్టు తగిలించాలి. ముందు పైపును ఊది లోపలి నీళ్లు, మట్టి బయటికి పంపాలి.
4. లైన్‌లో లూబ్రికేటర్ లేకపోతే గాలి దూరే చోట రెండు మూడు చుక్కల ఎయిర్ టూల్ ఆయిల్ వేయాలి.
5. కళ్లద్దాలు, చెవి మఫ్‌లు పెట్టుకున్నాకే వాల్వ్ మెల్లగా తెరవాలి.
6. ట్రిగర్ నొక్కి 90 సరిచూసుకోవాలి.
7. ముగించేటప్పుడు వాల్వ్ మూసి, ట్రిగర్ నొక్కి పైపులో మిగిలిన గాలిని ఖాళీ చేసి, ఆ తర్వాతే కప్లర్ విప్పాలి. వీల్, బిట్, సాకెట్ మార్చేటప్పుడూ ఇదే వరుస.

కంప్రెషర్ లేదని ఆక్సిజన్ సిలిండర్‌తో పనిముట్టు నడపాలన్న ఆలోచనే రాకూడదు. నూనె, ఆక్సిజన్ కలిస్తే నిప్పంటుకోవడానికి వేరే కారణం అక్కర్లేదు.

షెడ్డు యజమానులకు ఒక విన్నపం. పెద్ద కంప్రెషర్ కొనే ముందు పనిముట్టు దగ్గర బిగించే గేజ్ ఒకటి, 10 ఎంఎం పైపు ఒకటి కొనండి. మనిషికో జత కళ్లద్దాలు, చెవి మఫ్‌లు ఇవ్వండి. పవర్ చాలడం లేదన్న ఫిర్యాదుల్లో చాలా వరకు అక్కడే తీరిపోతాయి. రెగ్యులేటర్ మీద 90 దగ్గర ఎర్ర పెయింటుతో ఒక గీత గీయండి. ఆ గీత దాటించే అధికారం షెడ్డులో ఎవరికీ ఇవ్వకండి, మీతో సహా.